ఓబీ డంపు మీద చెట్లు పచ్చగానే ఉన్నాయి. అడవి తిరిగొచ్చిందని ఎలా తేల్చాలి?

శ్రావణి_తార్నాక · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పని చేస్తాను. గోదావరి లోయలో ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఓబీ డంపు (బొగ్గు పైనున్న మట్టి, రాయి తీసి పోసిన గుట్ట) మీద సుమారు పదేళ్ల కిందట మొక్కలు నాటారు. గని పేరు ఇక్కడ రాయలేను, దయచేసి అడగకండి. ఆ ప్లాంటేషన్ సక్సెస్ అయిందో లేదో రిపోర్టు ఇవ్వాలి. నా చేతిలో ఉన్నవి నాటిన మొక్కల లెక్క, మూడో ఏడాది బతికిన శాతం, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఎన్‌డీవీఐ (పచ్చదనాన్ని కొలిచే సూచిక) మ్యాపులు. అంతే.

అక్టోబరు మ్యాపులో డంపంతా ముదురు ఆకుపచ్చగా, పక్కనున్న రిజర్వు ఫారెస్టుతో సమానంగా కనిపిస్తోంది. ఏప్రిల్ మ్యాపు తీస్తే డంపే అడవి కంటే పచ్చగా ఉంది! ఆఫీసులో అది చూసి "ఇంకేం కావాలి, అడవినే మించిపోయింది, రాసెయ్" అంటున్నారు. నాకు మాత్రం అలా రాయడానికి మనసొప్పడం లేదు. ఎండాకాలంలో అడవి కంటే డంపు పచ్చగా ఉండటమేంటి? ఫీల్డుకు వెళ్లే అవకాశం ఒకసారి ఉంది. ఏం చూడాలి, ఏం కొలవాలి? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నారేప · సోమవారం, రాత్రి 10:15

శ్రావణి గారూ, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది ఆ ఏప్రిల్ మ్యాపే. దాన్ని పక్కన పెట్టకండి.

మన ఉత్తర తెలంగాణ అడవులు ఆకురాల్చే అడవులు. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప ఎండాకాలంలో ఆకు దులిపేస్తాయి. టేకు అయితే తొలకరి దాకా మోడుగానే నిలబడుతుంది. కాబట్టి ఏప్రిల్‌లో అసలైన అడవి ఉపగ్రహం కంటికి గోధుమ రంగులో కనిపించాలి. అదే సమయంలో డంపు పచ్చగా ఉందంటే, దాని మీద ఉన్నవి వేరే రకం చెట్లన్న మాట. నీలగిరో, ఆస్ట్రేలియా తుమ్మో, సర్కారు తుమ్మో అయి ఉంటుంది. పచ్చదనం ఎక్కువుందన్న మాట నిజమే. కానీ అది పక్కనున్న అడవి పచ్చదనం కాదు.

గోదావరి లోయ దాకా వెళ్లకుండానే ఇది కళ్లతో చూడొచ్చు. ఏప్రిల్‌లో వికారాబాద్ వైపు అనంతగిరి కొండల మీదికి వెళ్లి, వచ్చేటప్పుడు రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ వరసల్ని చూడండి. కొండ ఎండిపోయి ఉంటుంది, కోనోకార్పస్ నిగనిగలాడుతుంది. రెండింట్లో ఏది అడవో చెప్పడానికి ఎన్‌డీవీఐ అక్కర్లేదు.

మీరు చేయగల మొదటి పని ఒక్క నెల మ్యాపును పట్టుకోకుండా ఏడాది పొడవునా ఎన్‌డీవీఐ గ్రాఫు గీయడం. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి ఒకే చోటి మీదికి వస్తాయి. వానాకాలంలో మబ్బులు అడ్డొచ్చినా మిగతా నెలలు దొరుకుతాయి. అడవి గ్రాఫు ఎక్కడ లేస్తోంది, ఎక్కడ పడుతోంది, డంపు గ్రాఫు దానితో కలిసి నడుస్తోందా లేదా చూడండి. ఆ నడక కలవకపోతే అక్టోబరులో రెండూ ఒకే రంగులో ఉన్నాయన్నదానికి పెద్ద అర్థం లేదు. వానలు వెళ్లగానే వయ్యారిభామ పెరిగిన బీడు కూడా పచ్చగానే ఉంటుంది.

ఖని_రాజన్న · మంగళవారం, ఉదయం 6:20

అమ్మా శ్రావణీ, నేను ఓపెన్‌కాస్టులో డోజరు ఆపరేటర్‌గా చేసి రిటైరయిన. ఇప్పుడు కొడుకు దగ్గర కుషాయిగూడలో ఉంటున్న. పుస్తకాల చదువు నాకు రాదు గానీ డంపు ఎట్లా కడ్తరో నాకు తెలుసు.

బొగ్గు పైనున్న మట్టి, ఇసుకరాయి అంతా షావెల్‌తో తీసి డంపరులో పోసి తీసుకపోయి కుప్ప పోస్తరు. ఆ కుప్ప మీద మళ్లీ డంపర్లే తిరుగుతయ్, మేము డోజరుతో చదును చేస్తం. నిండు డంపరు ఎంత బరువుంటదో ఒకసారి ఊహించుకో. పైన మెత్తగ కనబడ్తది గానీ గడ్డపార దిగదు. మొక్కలు పెట్టేటప్పుడు గుంత తవ్వి, బయటినుంచి ఎర్రమట్టి, పశువుల ఎరువు తెచ్చి నింపుతరు. మొక్క ఆ గుంతల బాగనే పెరుగుతది. వేరు గుంత గోడను తాకినాక ఏమైతదన్నదే అసలు ముచ్చట. కొన్ని చెట్లు చీల్చుకోని పోతయ్. కొన్ని కుండీల పెట్టినట్టు అక్కడక్కడే తిరిగి, ఎత్తు పెరగక నిలబడిపోతయ్. గాలివానకు పడిపోయిన చెట్టు కనిపిస్తే దాని వేరు చూడు, మొత్తం తెలిసిపోతది.

ఇంకోటి. మూడో ఏడు బతికిన శాతం అన్నవు. చచ్చిన మొక్క తావుల మళ్లీ కొత్తది పెడ్తరు, గ్యాప్ ఫిల్లింగ్ అంటరు. ఆ కొత్త మొక్కలు కూడా బతికిన లెక్కలనే కలుస్తయ్. గ్యాప్ ఫిల్లింగ్ రిజిస్టరు వేరే ఉంటది. అది అడిగి తీసుకో బిడ్డా.

శ్రావణి_తార్నాక · మంగళవారం, ఉదయం 8:05

రాజన్న గారూ, చాలా థ్యాంక్స్. రిజిస్టరు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఈరోజే లెటరు పెడతాను.

కొండాపూర్_ఇంజనీర్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మైన్ ప్లానింగ్‌లో పనిచేస్తున్నాను. నారేప గారి మాట కాదనను గానీ, రెండో వైపు కూడా చెప్పాలి. డంపు మీద మొదటి పని మట్టి జారకుండా ఆపడం. పాదం నుంచి పైదాకా చూస్తే మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదని అనుమతి పత్రాల్లోనే షరతు పెడతారు. మెట్లలా బెంచీలు కట్టి, చుట్టూ గార్లాండ్ డ్రెయిన్లు తవ్వి, కింద టో వాల్ (అడ్డుగోడ) కట్టినా, జూలైలో ఒక్క గట్టి వాన పడితే చాలు, వాలు మీద గండ్లు పడతాయి. ఆ మట్టి వాగులోకి, పొలాల్లోకి పోతుంది. అప్పుడు ఇప్ప మొక్క ఎప్పుడు పెరుగుతుందా అని కూర్చోలేం. తొందరగా పెరిగేవి, రాళ్లలో బతికేవి, మేకలు ముట్టనివి కావాలి. నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ నాటడానికి కారణం అదే.

కాబట్టి సక్సెస్ అనే మాటలో ముందు వాలు నిలబడటం ఉండాలి. గండ్లు ఎన్ని, ఎంత లోతు, డ్రెయిన్లు పూడాయా, సెటిల్లింగ్ పాండులో ఏటా ఎంత బురద తీస్తున్నారు, ఇవన్నీ కొలవండి. చెట్ల రిపోర్టుల్లో ఈ పేజీ చాలాసార్లు ఉండదు.

నారేప · మంగళవారం, సాయంత్రం 6:48

ఇంజనీర్ గారూ, గండ్ల విషయం నూటికి నూరు పాళ్లు నిజం, శ్రావణి గారు దాన్ని తప్పకుండా చేర్చాలి. కానీ మట్టిని పట్టి ఉంచేది ముఖ్యంగా నేలను అంటుకుని ఉండే గడ్డి, పొదలు, రాలిన ఆకు. నీలగిరి తోటలో కింద నేల బోడిగా ఉంటే, పైన కొమ్మలు ఎంత దట్టంగా ఉన్నా చినుకు నేరుగా మట్టినే కొడుతుంది. స్టైలో గడ్డి, వట్టివేరు లాంటివి వాలును పడతాయి. వాటి సందుల్లో కానుగ, దిరిసెన, నల్ల తుమ్మ వేసినా తొందరగానే పైకి వస్తాయి. అవీ మన నేలకు అలవాటైన చెట్లే.

నా బాధ ఇంకొకటి. ఏ కొలతను సక్సెస్ అంటామో, తర్వాతి డంపు మీద నాటేది కూడా దాన్ని బట్టే ఉంటుంది. బతికిన శాతం ఒక్కటే అడిగితే చావని మొక్కలే నాటుతారు. కాంట్రాక్టరు తప్పు అందులో ఏముంది? పరీక్ష పేపరు అలా పెట్టింది మనం.

అమెరికాలో ఇదే జరిగింది. 1977లో వాళ్లు ఉపరితల గనుల పునరుద్ధరణ చట్టం తెచ్చారు. దాంట్లో నేల ఎంత మేర పచ్చగా కప్పి ఉందన్నది ముఖ్యమైన కొలత. వాలు స్థిరంగా ఉండాలన్నది గట్టి షరతు. దాంతో అపలాచియా కొండల్లో గనుల నేలను బాగా అణగదొక్కి, పోటీపడి పెరిగే గడ్డి చల్లేశారు. పరీక్ష పాసయ్యారు గానీ ఒకప్పుడు అడవి ఉన్న చోట చెట్టు లేవలేదు. 2004లో అక్కడి ప్రభుత్వ సంస్థలు, పరిశోధకులు కలిసి పద్ధతి మార్చాలని పూనుకున్నారు. పైన నాలుగడుగుల మేర మట్టిని తొక్కకుండా వదులుగా పోయడం, చెట్లతో పోటీపడని గడ్డి వేయడం అందులో ముఖ్యమైనవి. రాజన్న గారు పొద్దున గడ్డపార దిగదన్నారే, వాళ్లు పట్టుకున్నదీ సరిగ్గా అదే.

మట్టి_మనిషి · మంగళవారం, రాత్రి 9:10

రాజేంద్రనగర్ నుంచి రాస్తున్నాను, నా పని నేల పరీక్షలు. చెట్లు లెక్కపెట్టేవాళ్లు ఎప్పుడూ చివర్లో "మట్టి శాంపిల్ కూడా తీశాం" అని ఒక టేబుల్ అంటిస్తారు. డంపు మట్టి విషయంలో అది ప్రమాదం. ఎందుకో చెబుతాను.

సేంద్రియ కర్బనం పెరిగింది కాబట్టి నేల బాగుపడింది అని రాస్తారు. అది డంపు అండీ. అందులో బొగ్గు పొడి, నల్లని షేల్ రాయి కలిసి ఉంటాయి. బొగ్గు కూడా కర్బనమే కదా. మట్టిని కాల్చి బరువు తగ్గుదల చూసే పద్ధతిలో ఆ బొగ్గంతా సేంద్రియ కర్బనం ఖాతాలో పడిపోతుంది. మన ల్యాబుల్లో మామూలుగా చేసే డైక్రోమేట్ పద్ధతిలో కూడా కొంత బొగ్గు ఆ రసాయనంతో చర్య జరిపి లెక్కలోకి వస్తుంది. మొక్క లేని కొత్త డంపులో కూడా కర్బనం బాగానే ఉందని రిపోర్టు వచ్చే అవకాశం ఉంది. అందుకే అదే రాయి, అదే మట్టి ఉన్న, ఏమీ నాటని డంపు నుంచి శాంపిల్ తప్పనిసరిగా తీయండి. దాంతో పోల్చకుండా పెరిగింది అనే మాట వాడొద్దు.

నేను నమ్మేవి అందుబాటులో ఉన్న నత్రజని, సూక్ష్మజీవుల కర్బనం, డీహైడ్రోజినేజ్ (సూక్ష్మజీవుల ఎంజైము) చర్య. ఇవి నేలలో ప్రాణం ఉందో లేదో చెబుతాయి. చనిపోయిన బొగ్గు వీటిని అంత తేలిగ్గా మోసం చేయలేదు. సింగ్రౌలిలోని జయంత్ గని డంపుల మీద బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లు దిరిసెన, టేకు, వెదురు తోటల కింద ఇలాంటివే కొలిచి, ఏ జాతి చెట్టు కింద నేల ఎలా కోలుకుంటోందో పోల్చారు. ఎంత పచ్చగా ఉందన్నది వాళ్ల ప్రశ్న కాదు, నేల ఎంత కోలుకుందన్నదే.

బల్క్ డెన్సిటీ (మట్టి ఎంత గట్టిగా అణిగి ఉందన్న కొలత) తీయడానికి మామూలు కోర్ రింగు తీసుకెళ్లకండి, రాళ్లకు తగిలి వంగిపోతుంది. చిన్న గుంత తవ్వి, వచ్చిన మట్టిని తూచి, గుంతలో సన్నని ప్లాస్టిక్ కవరు పరిచి నీళ్లు పోసి ఘనపరిమాణం కొలవండి. 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద మిగిలిన రాళ్లు వేరుగా తూచాలి. గుంత లోపలి మట్టి, రెండు గుంతల మధ్యలో మొక్క నాటని చోటి మట్టి, రెండూ వేర్వేరుగా తీయండి. పదేళ్ల తర్వాత కూడా ఈ రెండింటికీ పెద్ద తేడా ఉందంటే చెట్టు తన గుంత దాటి నేలను మార్చలేదన్న మాట. రాజన్న గారు చెప్పిన కుండీ సంగతి ల్యాబులో ఇలా బయటపడుతుంది.

శ్రావణి_తార్నాక · బుధవారం, ఉదయం 7:55

సార్, గుంత మట్టి, మధ్య మట్టి వేరుగా తీయాలన్నది నాకు తట్టేదే కాదు. ఇప్పుడు అసలు భయం శాంపిల్ లెక్క. టీములో ముగ్గురమే. ఎన్ని ప్లాట్లు (కొలతలకు గీసుకునే నేల ముక్కలు) వేస్తే సరిపోతుంది? పది వేస్తే చాలంటున్నారు ఆఫీసులో.

స్టాట్_వెంకట్ · బుధవారం, ఉదయం 11:20

పది చాలా, ముప్పై కావాలా అన్నది ఆఫీసు చెప్పేది కాదండీ, డంపు చెప్పాలి. ముందు నాలుగైదు ప్లాట్లు వేసి ఎంత తేడాలున్నాయో చూడండి. ఉదాహరణకు నేల కప్పు (మొక్కలు, ఆకు కప్పిన భాగం) సగటు 60 శాతం, ప్రామాణిక విచలనం (ప్లాట్ల మధ్య తేడాల కొలత) 20 వచ్చిందనుకుందాం. 90 శాతం నమ్మకంతో సగటుకు అటూ ఇటూ పదో వంతు, అంటే 6 లోపల ఉండాలంటే: 90 శాతం నమ్మకానికి గణాంక పట్టికలో ఉండే 1.645ను 20తో గుణించి, 6తో భాగించి, వర్గం చేయండి. 30 వస్తుంది. విచలనం సగానికి తగ్గితే 8 ప్లాట్లు చాలు. డంపు మీద మాత్రం అది తగ్గడం కష్టం. పైభాగం, వాలు, పాదం, పడమటి ఎండ పడే వైపు, నీడ వైపు, దేనికదే వేరు. అందుకని ముందే ఈ భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో పాయింట్లు జీఐఎస్‌లో యాదృచ్ఛికంగా ఆఫీసులోనే పెట్టుకుని వెళ్లండి. అక్కడికెళ్లాక హాల్ రోడ్డు (డంపర్లు తిరిగే దారి) పక్కన, జీపు ఆగిన చోట ప్లాటు వేయొద్దు.

వాలు మీద టేపు పట్టుకునేటప్పుడు జాగ్రత్త. 28 డిగ్రీల వాలులో, వాలు వెంబడి 10 మీటర్లు కొలిస్తే మ్యాపు మీద అది 8.83 మీటర్లే. అది చూసుకోకుండా హెక్టారుకు లెక్క కడితే చెట్ల సాంద్రత సుమారు 12 శాతం తక్కువ వస్తుంది. సమతల దూరం 10 మీటర్లు రావాలంటే వాలు వెంబడి 11.3 మీటర్లు పట్టాలి.

ఇక అందరూ చేసే పని ఒకటి ఉంది, అది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అడవిలో అయిదు ప్లాట్లు, డంపు మీద అయిదు ప్లాట్లు వేసి, టీ-టెస్ట్ (రెండు సగటుల తేడా చూసే పరీక్ష) చేసి "గణాంకపరంగా తేడా లేదు, కాబట్టి అడవితో సమానం" అని రాస్తారు. తేడా కనబడలేదంటే తేడా లేదని కాదు! అయిదు ప్లాట్లతో ఏనుగుకు, గుర్రానికి కూడా తేడా కనబడకపోవచ్చు. తక్కువ కొలిస్తే తేలికగా పాసైపోయే పరీక్ష అది. దాన్ని తిరగేయాలి. డంపు ఫెయిల్ అనే ముందు అనుకోవాలి. పోలిక అడవి విలువలో కనీసం 90 శాతం ఉందని డేటా నిరూపిస్తేనే పాస్. అప్పుడు ఎక్కువ ప్లాట్లు వేసినవాళ్లకే లాభం.

నారేప · బుధవారం, మధ్యాహ్నం 2:05

వెంకట్ గారు చెప్పిన 90 శాతం గీత గాల్లోంచి వచ్చింది కాదు. నేను పైన చెప్పిన అమెరికా చట్టం కింద నిబంధనల్లో ఉన్నదే అది. ఆమోదించిన ప్రమాణంలో 90 శాతానికి తగ్గకూడదు, 90 శాతం విశ్వసనీయతతో చూపాలి. ఆ నిబంధనల్లో నాకు అన్నిటికంటే నచ్చింది గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది. నాటిన రోజు నుంచి కాదు. నీళ్లు, ఎరువు, తిరిగి విత్తడం లాంటి అదనపు సాయం చివరిసారి చేసిన ఏడాది తర్వాత నుంచి లెక్క. ఏడాదికి 26 అంగుళాల కంటే ఎక్కువ వాన పడే చోట 5 ఏళ్లు, అంతకు తక్కువైతే 10 ఏళ్లు ఆగాలి. అప్పటిదాకా కంపెనీ కట్టిన డిపాజిట్టు పూర్తిగా తిరిగిరాదు.

శ్రావణి గారూ, మీ డంపుకు ట్యాంకరు నీళ్లు ఏ ఏడాది ఆపారో కనుక్కోండి. పదేళ్ల తోట అని రాసినా, నీళ్లు ఆపి రెండేళ్లే అయితే అది రెండేళ్ల పరీక్ష కిందే లెక్క.

కొండాపూర్_ఇంజనీర్ · బుధవారం, సాయంత్రం 5:40

మన దగ్గర కూడా డబ్బు ముడి ఉంది. బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గని మూసివేత మార్గదర్శకాలు ఇచ్చి, 2013లో సవరించింది. కంపెనీ ఏటా ఎస్క్రో ఖాతాలో (షరతులు తీరితేనే డబ్బు తీయగల ఖాతా) డబ్బు వేయాలి. ఆ మార్గదర్శకాల ప్రకారం అయిదేళ్లకోసారి పని చూసి, వేసిన దాంట్లో 80 శాతం దాకా తిరిగి ఇచ్చే వీలుండేది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కూడా, తవ్వకం ముగిశాక ఆ నేలలో పశువుల మేతకు, జంతుజాలానికి పనికొచ్చేలా గడ్డి, మొక్కలు పెంచాలన్న షరతు గనుల అనుమతుల్లో పెట్టాలని చెప్పింది. పెద్ద ఓపెన్‌కాస్ట్ గనుల మీద ఉపగ్రహ చిత్రాలతో ఏటా నేల పునరుద్ధరణ చూసే పద్ధతి బొగ్గు రంగంలో ఎప్పటి నుంచో ఉంది.

అయితే ఒప్పుకోవాల్సిందేంటంటే, ఎన్ని హెక్టార్లు నాటారు అన్నది చూసినంత గట్టిగా, అక్కడ ఏం పెరిగింది అన్నది మనం చూడటం లేదు. నారేప గారు చెప్పిన నీళ్లు ఆపిన తేదీ కాలమ్ ఏ ఫార్మాట్‌లోనూ నాకు కనపడలేదు. పెట్టాల్సిందే.

మంథని_లక్ష్మి · బుధవారం, రాత్రి 8:30

అందరూ చెట్టు, మట్టి, లెక్కలు మాట్లాడుతున్నారు. మా అమ్మవాళ్ల ఊరు ఒక డంపు పక్కనే. నేను ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నా. ఊళ్లోవాళ్లకు ఆ నేల మీద ఒకప్పుడు ఏముండేదో మీ రిపోర్టుల్లో ఎక్కడా రాయరు. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు. ఆ తర్వాత తునికాకు. కట్టలు కట్టి కల్లంలో ఇస్తే ఇంటికి ఆ రెండు నెలలు డబ్బులు వచ్చేవి. బర్లు, మేకలు అక్కడే మేసేవి. ఇప్పుడు డంపు మీద చెట్లున్నాయి, చుట్టూ ఫెన్సింగు. లోపలికి మేకను తోలినా తినడానికి ఏముంది? నీలగిరి ఆకు మేక ముట్టదు.

మా పెద్దమ్మ ఒకటి అడిగింది: "గా గుట్ట మీద తంగేడు మొలిచిందా?" బతుకమ్మకు తంగేడు, గునుగు ఇప్పుడు బజార్లో కొంటున్నారు, అందుకడిగింది. కానీ నాకు అనిపించింది, తంగేడు ఎవరూ నాటరు. పేద నేలలో తనంతట తానే వస్తుంది. వచ్చిందంటే చుట్టూ నుంచి విత్తనం ఆ నేల మీదికి చేరిందని, చేరింది బతికిందని కదా? ఇది మీ సైన్సులో లెక్కకు వస్తుందా నారేప గారూ?

నారేప · బుధవారం, రాత్రి 9:25

లక్ష్మి గారూ, లెక్కకు రావడమే కాదు, ఈ థ్రెడ్‌లో అడిగిన ప్రశ్నల్లో అదే అసలైనది. మేము దాన్ని సహజ పునరుత్పత్తి అంటాం. నాటిన చెట్టు మనం చేసిన పని. నాటకుండా మొలిచిన మొక్క ఆ నేల చేసిన పని.

అందుకే శ్రావణి గారూ, ప్లాటులో రెండు పట్టికలు వేరుగా పెట్టుకోండి: నాటినవి, తమంత తాము వచ్చినవి. చెట్లకు 10 మీటర్ల ప్లాటు, అందులో పొదలకు 5 మీటర్లది, గడ్డీ మొలకలకు 1 మీటరుది. ఛాతీ ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర చుట్టుకొలత తీసి తరగతులుగా పేర్చండి. బతికున్న అడవిలో మొలకలు చాలా, చిన్న చెట్లు కొన్ని, పెద్దవి కొద్దిగా ఉంటాయి. తోటలో అన్నీ ఒకే లావు ఉండి కింద ఖాళీ. ఆ ఖాళీ కనిపిస్తే, పైచెట్టు ముసలిదయ్యాక దాని చోటు తీసుకునేది ఏమీ లేదని అర్థం.

కానీ మొలకల సంఖ్య ఒక్కటే చూస్తే మళ్లీ పొరపడతాం. సుబాబుల్ కింద సుబాబుల్ మొలకలే గుంపులుగా వస్తాయి. లంటానా, సర్కారు తుమ్మ కూడా పునరుత్పత్తే మరి! ఏ జాతులు, ఎక్కడి నుంచి వచ్చాయన్నది ముఖ్యం. వేప, నేరేడు, మర్రి, రావి మొలకలుంటే పిట్టలు అక్కడ వాలుతున్నాయని. తునికి మొలిచిందంటే పండు తిన్న జంతువు ఏదో ఆ గుట్ట ఎక్కిందని. రాలిన ఆకును కిందికి తోసే చెదలు, వానపాములు ఉన్నాయా అన్నది కూడా చూడండి. ఎండబెట్టి తూచిన ఆకును నైలాన్ జాలీ సంచుల్లో కట్టి మట్టిలో పెట్టి, కొన్ని నెలల తర్వాత మిగిలింది తూస్తే ఆ నేల ఆకును ఎంత వేగంగా అరగదీస్తోందో తెలుస్తుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

పోలిక అడవి గురించి ఒక మాట. గని పక్కనే ఉన్న అడవి దుమ్ముతో, నరికివేతతో ఇప్పటికే దెబ్బతిని ఉంటుంది. దాన్నొక్కదాన్నే పోలికగా పెడితే గీత కిందికి జారుతుంది. ఒకటి దగ్గరది, ఒకటి కాస్త లోపలి అడవి, రెండూ తీసుకోండి.

ఓయూ_బాటనీ · బుధవారం, రాత్రి 10:02

మేడమ్/సార్, డ్రోన్ ఎగరేస్తే ఈ ప్లాట్ల బాధ తప్పదా? జాతులు కూడా గుర్తుపట్టొచ్చంటున్నారు.

నారేప · బుధవారం, రాత్రి 10:20

కొమ్మల ఎత్తు, గండ్ల కొలత డ్రోన్‌తో బాగా వస్తాయి తమ్ముడూ. కొమ్మల కింద మొలిచిన వేలెడంత తునికి మాత్రం కనపడదు. దానికి మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే.

శ్రావణి_తార్నాక · గురువారం, రాత్రి 9:15

అందరికీ అప్‌డేట్. గ్యాప్ ఫిల్లింగ్ రిజిస్టరు వచ్చింది. రాజన్న గారు చెప్పినట్టే, మూడో ఏడాది బతికిన శాతంలో మళ్లీ నాటినవి కలిసిపోయి ఉన్నాయి. నీళ్లు ఆపిన తేదీ అడిగాను, ఇంకా జవాబు లేదు. అది రాకపోతే రిపోర్టులో "తేదీ ఇవ్వలేదు" అని ఉన్నదున్నట్టు రాస్తాను.

ఏడాది గ్రాఫు గీశాను. డంపు ఉత్తరం వైపు ఒక ముక్క గ్రాఫు మాత్రం అడవితో కలిసి నడుస్తోంది. ఫిబ్రవరిలో పడిపోయి, వానలకు లేస్తోంది. మిగతాదంతా ఏడాది పొడవునా దాదాపు చదునుగా ఉంది. ఆ ముక్కలో ఏముందో చూడాలని ఉంది.

ఇప్పుడు ఆఫీసులో అంటున్నది, "అన్నీ కలిపి నూటికి ఒక మార్కు ఇచ్చెయ్, చదివేవాళ్లకు తేలిక" అని. ఇవ్వొచ్చా?

స్టాట్_వెంకట్ · గురువారం, రాత్రి 9:50

వద్దు. కొమ్మల కప్పుకు 95, పునరుత్పత్తికి 5 వస్తే సగటు 50. ఆ 50లో అసలు విషయం మాయమైపోతుంది.

నారేప · గురువారం, రాత్రి 10:10

వెంకట్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. పర్యావరణ పునరుద్ధరణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల్లో, 2016లో మొదట వచ్చి 2019లో రెండో కూర్పు అయిన వాటిలో, ఆరు అంశాలకు విడివిడిగా అయిదేసి నక్షత్రాలు వేసి చక్రంలా చూపిస్తారు. ముప్పులు తొలగాయా, నేలా నీరూ ఎలా ఉన్నాయి, ఏ జాతులున్నాయి, అంతస్తులు ఏర్పడ్డాయా, అడవి పనులు జరుగుతున్నాయా, చుట్టుపక్కల అడవితో రాకపోకలు ఉన్నాయా. ఏ రేకు కురచగా ఉందో చూడగానే తెలుస్తుంది. మీ ఉత్తరం ముక్కకు ఒక చక్రం, మిగతా డంపుకు ఒక చక్రం వేయండి. లక్ష్మి గారి ఊరివాళ్లు అడిగే ఇప్ప, తునికి, మేత కోసం పక్కనే ఇంకో పేజీ పెట్టండి. ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తే జాతుల పేర్లు మీకంటే, నాకంటే బాగా చెబుతారు.

మంథని_లక్ష్మి · గురువారం, రాత్రి 10:31

మా పెద్దమ్మ వస్తానంటోంది. ఫెన్సింగు లోపలికి ఆమెను రానిచ్చేలా మీ లెటరులో పేరు పెట్టించండి అక్కా, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

ఖని_రాజన్న · శుక్రవారం, ఉదయం 6:05

శ్రావణీ, ఆ ఉత్తరం ముక్క గురించి ఒకటి అడుగు. అక్కడ మట్టిని ఏ కాలంల పోసిన్రు, పై మట్టి ముందే తీసి పెట్టుకున్నది ఆడ పరిచిన్రా అని. కొన్ని తావుల అడవి పైమట్టి తెచ్చి, ఎక్కువ రోజులు కుప్పల ఉంచకుండ వెంటనే పరుస్తరు. అట్ల చేసిన్రంటే ఆ మట్టిలనే విత్తనాలు ఉంటయ్. డంపింగ్ ప్లాను మ్యాపు సర్వే సెక్షన్‌ల ఉంటది, ఏ ఏడు ఏ బెంచీ పోసిన్రో దాని మీద రాసి ఉంటది. నీ గ్రాఫు దాని మీద పెట్టి చూడు.

పోయేటప్పుడు సికింద్రాబాద్ నుంచి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కున్రి, రామగుండంల దిగొచ్చు. పలుగు ఒకటి, గట్టి బూట్లు, నీళ్లు ఎక్కువ పట్టుకపోన్రి. పడిపోయిన చెట్టు కనిపిస్తే వేరు ఫోటో తీసి ఇక్కడ పెట్టు, నేను చూస్త.

శ్రావణి_తార్నాక · శుక్రవారం, ఉదయం 8:40

సర్వే సెక్షన్‌కు మెయిల్ పెట్టాను రాజన్న గారూ, మ్యాపు రాగానే గ్రాఫుతో కలిపి ఇక్కడే పోస్ట్ చేస్తాను. లక్ష్మీ, పెద్దమ్మ పూర్తి పేరు నాకు మెసేజ్‌లో పంపు, సోమవారం లెటరు వెళ్తుంది.